తిండి మరీ కోసేస్తే ఒళ్ళు ఏం చేస్తుంది? ఆగిపోయిన కాటాను మళ్ళీ కదిలించడం ఎలా?

పొద్దున గ్లాసు రాగిజావ, మధ్యాహ్నం కీరదోస ముక్కలు, రాత్రికి ఒక పుల్కా, రెండు చెంచాల కూర. అంతా కలిపితే 600, 700 క్యాలరీలు. నెల్లూరైనా ఒంగోలైనా, డైటింగ్ మొదలుపెట్టిన చాలామంది చేసేది ఇదే. మొదటి వారం మూడు కిలోలు పోతాయి. రెండో నెలకల్లా కాటా అక్కడే నిలబడుతుంది, దువ్వెన నిండా జుట్టు వస్తుంది, రెండంతస్తులు ఎక్కితే కాళ్ళు లాగుతాయి. "నా మెటబాలిజం చచ్చిపోయింది, మంచినీళ్ళు తాగినా లావెక్కుతున్నా" అన్న మాట అప్పుడే మొదలవుతుంది.

మెటబాలిజం, అంటే ఒళ్ళు శక్తిని ఖర్చుపెట్టే తీరు, చావదు. తగ్గుతుంది, ఆ మాట నిజం. కానీ కాటా ఆగడానికి అదొక్కటే కారణం కాదు, చాలాసార్లు పెద్ద కారణం కూడా కాదు. ఏది ఎంత తగ్గిందో అంకెల్లో చూస్తే ఎక్కడ సరిచేసుకోవాలో తెలుస్తుంది.

ముందు మీ రోజు ఖర్చు కట్టండి

కాగితం, పెన్ను చాలు. కిలోల్లో బరువును 10తో, సెంటీమీటర్లలో ఎత్తును 6.25తో గుణించి రెండూ కలపండి. అందులోంచి వయసును 5తో గుణించి తీసేయండి. మగవాళ్ళయితే 5 కలపండి, ఆడవాళ్ళయితే 161 తీసేయండి. ఇది 1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రం. కదలకుండా పడుకున్నా గుండె, కాలేయం, మెదడు, కిడ్నీలు నడవడానికి రోజుకు అయ్యే ఖర్చును ఇది చెబుతుంది. అమెరికా వాళ్ళ మీద కట్టిన సూత్రం కాబట్టి మనవాళ్ళకు కాస్త ఎక్కువే చూపిస్తుంది. వచ్చిన అంకెలోంచి ఐదు నుంచి పది శాతం తగ్గించుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

42 ఏళ్ళ గృహిణి, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు అనుకుందాం. 740, 969 కలిపి, 210, 161 తీసేస్తే 1,338. మన సర్దుబాటు చేస్తే సుమారు 1,250. ఇంటిపని, బజారు, కాస్త నడక ఉన్నాయి కాబట్టి దాన్ని 1.4తో గుణిస్తే 1,750. ఇప్పుడున్న బరువు పెరగకుండా, తరగకుండా ఉండటానికి ఆమెకు రోజుకు కావలసింది అంత. రోజంతా కుర్చీలో కూర్చునే వాళ్ళు 1.3తో, పొలం పనికో రొయ్యల చెరువు పనికో వెళ్ళేవాళ్ళు 1.6, 1.7తో గుణించుకోవాలి.

700 క్యాలరీల మీద ఏం జరుగుతుంది

కాగితం మీద చూస్తే ఆమెకు రోజుకు 1,050 లోటు. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు ఉంటాయి కాబట్టి వారానికి దాదాపు కిలో తగ్గాలి. మొదటి వారం మూడు కిలోలు ఎందుకు పడ్డాయి మరి? కాలేయంలోనూ కండరాల్లోనూ కలిపి 400, 500 గ్రాముల దాకా గ్లైకోజెన్, అంటే ఒళ్ళు దాచుకున్న పిండిపదార్థం, నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాములకు పైగా నీరు పట్టి ఉంటుంది. అన్నం మానేయగానే ఆ నిల్వ కరుగుతుంది, నీరు మూత్రంలో పోతుంది, ఉప్పు కూడా దాంతోనే పోతుంది. పేగుల్లో ఉండే బరువు కూడా తగ్గుతుంది. ఆ మూడు కిలోల్లో కొవ్వు కిలో ఉంటే గొప్ప. ఇది తెలియకపోతే మూడో వారం అరకిలో తగ్గినప్పుడు డైట్ పనిచేయడం మానేసిందని అనిపిస్తుంది, ఇంకొంచెం కోస్తారు.

ఆరు కిలోలు తగ్గాక ఆమె ఖర్చు ఎక్కడెక్కడ పడిపోయిందో ఉజ్జాయింపుగా చూడండి. ఒళ్ళు చిన్నదైంది, దాన్ని నడపడానికీ మోయడానికీ ఖర్చు ఒక 80 తగ్గింది. తిన్నది అరిగించుకోవడానికి కూడా శక్తి కావాలి, అది తిన్నదాంట్లో పదో వంతు. తిండి 1,050 తగ్గింది కాబట్టి ఇక్కడ 100 తగ్గింది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ పడిపోతుంది, థైరాయిడ్‌లో చురుకైన టీ3 తగ్గుతుంది, దాంతో ఒళ్ళు పొదుపులోకి వెళుతుంది, అదొక 100. చేతులు చల్లబడటం, ఎప్పుడూ చలిగా అనిపించడం దీని వల్లే. నాలుగోది ఎవరూ గమనించరు. తెలియకుండానే కదలడం తగ్గిస్తాం. పెరట్లోకి రెండుసార్లు వెళ్ళేచోట ఒకసారి వెళతాం, నిలబడి తరిగే కూరగాయలు కూర్చుని తరుగుతాం, మధ్యాహ్నం నడుం వాలుస్తాం. దీని కింద ఇంకో 120. మొత్తం 400. ఖర్చు 1,750 నుంచి 1,350కి దిగింది. లోటు 650. ఇప్పటికీ వారానికి అరకిలో పైనే కొవ్వు తగ్గాలి. అంటే మందగించింది గానీ ఆగలేదు.

తిండి తగ్గిస్తే బరువు తగ్గడం పూర్తిగా ఆగిపోతుందనేది నిజం కాదని 1944–45లోనే తేలింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం 36 మంది యువకులకు 24 వారాలు రోజుకు సుమారు 1,570 క్యాలరీలే పెట్టింది. వాళ్ళ విశ్రాంతి ఖర్చు దాదాపు 40 శాతం పడిపోయింది. అయినా శరీర బరువులో నాలుగో వంతు పోయింది. కాళ్ళకు నీరు చేరడం వల్ల కాటా మీద తగ్గుదల కొంత కనపడలేదు. రోజంతా తిండి ధ్యాసే. ప్రయోగం అయ్యాక కొవ్వు మునుపటికంటే ఎక్కువ చేరింది. ఈ చివరి సంగతే మనకు ముఖ్యం.

మరి 650 లోటు ఉండగా కాటా ఎందుకు కదలదు

రెండు కారణాలు. మొదటిది నీరు. ఆకలి ఒత్తిడికి కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆడవాళ్ళకు నెలసరి ముందు కిలో, కిలోన్నర నీరు మామూలే. రెండు మూడు వారాలు కొవ్వు కరుగుతున్నా కాటా మీద కనపడకపోవచ్చు.

రెండోది లెక్కకు రాని తిండి. 1992లో న్యూయార్క్‌లో, 1,200 క్యాలరీల లోపు తింటున్నా తగ్గడం లేదన్నవాళ్ళను కొలిచి చూశారు. మెటబాలిజంలో లోపమేమీ లేదు. వాళ్ళు తిన్నది తాము చెప్పినదానికంటే బాగా ఎక్కువ. సగటున 47 శాతం తక్కువ చెప్పారు. కావాలని చెప్పిన అబద్ధం కాదు, కంటితో కొలిస్తే ఎవరికైనా అంతే. మన వంటింట్లో ఇది ఎక్కడ జరుగుతుందంటే, ప్రధానంగా నూనెలో.

నెల్లూరు చేపల పులుసునే తీసుకోండి. కిలో బొచ్చె ముక్కలకు వంద మిల్లీలీటర్ల నూనె పోయడం మనకు వింత కాదు. ఆ నూనెలోనే 820 క్యాలరీలు పైచిలుకు. ఐదుగురు తింటే తలా 165. చేప ముక్క 150 గ్రాములు తిన్నా దానివి 150 క్యాలరీలే, ప్రొటీన్ 25 గ్రాములు వస్తుంది. చేపకంటే దాని మీద తేలే నూనెకే ఎక్కువ పడిందన్నమాట. పైగా "చేపే కదా తిన్నా" అని రాసుకుంటారు. నలభై మిల్లీలీటర్ల నూనెతో ఉల్లిపాయ, మెంతులు మగ్గించి, చింతపండు పులుసు చిక్కబడేదాకా మరిగించి, మామిడికాయ ముక్కలు వేసి ఒక రాత్రి ఉంచితే రుచి పెద్దగా తగ్గదు. పులుసుకు రుచి ఊరడంలోనే ఉంది.

నెయ్యి కారం దోసెకు వేసే రెండు చెంచాల నెయ్యి దగ్గర దగ్గర 90. పల్లీ చట్నీ రెండు పెద్ద చెంచాలు 80, 100. పంచదార వేసిన చిక్కటి పాల టీ ఒకటి 80 దాకా, అలాంటివి మూడు తాగితే 240. ఆదివారం బిరియాని ఒక్కటి వారం మొత్తం లోటులో పెద్ద ముక్క తినేస్తుంది. కడుపు మాడ్చుకున్నవాళ్ళకే ఆదివారం చెయ్యి ఆగదు, అది సహజం. 700 క్యాలరీల డైట్‌లో అసలు లోపం అక్కడే ఉంది: ఐదు రోజులు నిలుస్తుంది, ఆరో రోజు తెగుతుంది.

కొర్రన్నం గురించి ఒక మాట. కనిగిరి, దర్శి వైపు మెట్ట పంటలు కొర్ర, వరిగ మంచివే. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది. కానీ వంద గ్రాముల కొర్రబియ్యంలో ఉన్న క్యాలరీలు మామూలు బియ్యంలో ఉన్నంతే, 330 నుంచి 350. కొలవకుండా తింటే కొర్రన్నంతోనూ బరువు పెరుగుతుంది.

కండ పోవడం దీనికంటే పెద్ద నష్టం

తగ్గే బరువులో మామూలుగానే నాలుగో వంతు దాకా కొవ్వు కానిది పోతుంది. ప్రొటీన్ లేకుండా, వ్యాయామం లేకుండా తిండి కోస్తే ఇంకా ఎక్కువ పోతుంది. రాగిజావ, కీరదోసల్లో ప్రొటీన్ లేనట్టే లెక్క. తర్వాత మళ్ళీ తినడం మొదలుపెట్టగానే కొవ్వు త్వరగా వస్తుంది, కండ నిదానంగా వస్తుంది. అదే 74 కిలోలకు తిరిగొచ్చినా ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, బలం తక్కువ. రెండు మూడుసార్లు ఇలా చేస్తే నలభై ఐదేళ్ళకే కింద కూర్చుని లేవడానికి చెయ్యి ఊనాల్సి వస్తుంది.

జుట్టు ఊడటం డైట్ మొదలైన రెండు మూడు నెలలకు కనపడుతుంది కాబట్టి నీళ్ళ వల్లో షాంపూ వల్లో అనుకుంటారు. నెలసరి తప్పితే తిండి మరీ తక్కువైందనడానికి అది గట్టి గుర్తు. గర్భం కాదని తేల్చుకుని వెంటనే తిండి పెంచాలి. ఇంకో పొరపాటు థైరాయిడ్ పరీక్షతో జరుగుతుంది. ఆకలి డైట్‌లో టీ3 తగ్గి ఉంటుంది, థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ మాత్రం సాధారణంగా పరిధిలోనే ఉంటుంది. ఇది థైరాయిడ్ జబ్బు కాదు. ఆ కాగితం చూసి సొంతంగా మాత్రలు మొదలుపెట్టకండి. డైట్ చేస్తున్న సంగతి డాక్టరుకు చెప్పండి.

వారానికి కిలోన్నర మించి తగ్గితే పిత్తాశయంలో రాళ్ళ ముప్పు పెరుగుతుంది. బొత్తిగా నూనె లేని తిండితో అది ఇంకా ఎక్కువ, ఎందుకంటే కొవ్వు తగలకపోతే పిత్తాశయం ముడుచుకోదు, పైత్యరసం అక్కడే నిలిచి చిక్కబడుతుంది. రోజుకు ఒక పూటైనా రెండు టీస్పూన్ల నూనో నెయ్యో ఉన్న భోజనం ఉండాలి.

ఇప్పటికే 600, 700 మీద ఉంటే బయటికి రావడం

ఒక్కసారిగా విందు భోజనానికి వెళ్ళకండి. వారానికి 150 నుంచి 200 చొప్పున పెంచండి. మొదటి వారం రెండు గుడ్లు కలపండి, రెండో వారం పప్పు, పెరుగు, మూడో వారం అన్నం. మూడు, నాలుగు వారాల్లో 1,300 దగ్గరకు వస్తారు. అన్నం, ఉప్పు తిరిగి రాగానే గ్లైకోజెన్, దాంతోపాటు నీరు తిరిగి చేరుతాయి; కాటా కిలో, రెండు కిలోలు పైకి చూపిస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఈ దగ్గరే. "చూశారా, తిన్నాను, పెరిగాను" అని మళ్ళీ జావకు వెళ్ళిపోతారు. కిలో కొవ్వు చేరాలంటే ఖర్చుకు మించి 7,700 తినాలి, 200 పెంచితే అది జరగదు. రెండు వారాలు ఓపిక పట్టండి, ఆ అంకె నిలబడి దిగడం మొదలవుతుంది.

ఐదు రోజులకు మించి దాదాపు ఏమీ తినకుండా ఉన్నవాళ్ళ సంగతి వేరు. అలాంటివాళ్ళు ఒక్కసారిగా తీపీ అన్నమూ తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. వాళ్ళు డాక్టరు చూస్తుండగానే తిండి మొదలుపెట్టాలి.

1,350 క్యాలరీల రోజు

మన ఉదాహరణలో ఆమె ఆకలి డైట్ చేయకుండా 74 కిలోల దగ్గరే మొదలుపెడితే 1,250 నుంచి 1,350 సరైన చోటు. లోటు 400, 500 ఉంటుంది, వారానికి 350 నుంచి 450 గ్రాముల తగ్గుదల. ప్రొటీన్ చేరుకోవాలనుకునే బరువుకు కిలోకు 1.2 గ్రాములు, 62 కిలోలు లక్ష్యమైతే 75 గ్రాములు.

దాన్ని పళ్ళెంలోకి తెస్తే: గుడ్లు రెండు, చేప 150 గ్రాములు, తక్కువ కొవ్వు పాలతో తోడుపెట్టిన పెరుగు 200 గ్రాములు, కందిపప్పు 40 గ్రాములు, మీల్ మేకర్ 25 గ్రాములు, బియ్యం 100 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, నూనె నాలుగు టీస్పూన్లు, జామకాయ ఒకటి, చిన్న టీ ఒకటి. పప్పు, మీల్ మేకర్, బియ్యం వండకముందు తూకం. బియ్యాన్ని పచ్చిగానే తూచాలి, ఎందుకంటే అన్నం పొడిగా వండితే ఒక బరువు, మెత్తగా వండితే ఒక బరువు. వంద గ్రాముల బియ్యం 280, 300 గ్రాముల అన్నం అవుతుంది. రెండు పూటలకు పంచుకోండి. దీనికోసం వంటింటి డిజిటల్ కాటా కొనడం మంచిది. గిద్ద, సోల కొలతలు ఇంటికో రకం. నూనెకు మాత్రం టీస్పూను తప్పదు, సీసాతో వంచితే లెక్క పోయినట్టే.

చేప బదులు ఒలిచిన వెనామీ రొయ్యలు 125 గ్రాములు వేసుకోవచ్చు, ప్రొటీన్ అంతే వస్తుంది. శాకాహారులైతే గుడ్లూ చేపా తీసి మీల్ మేకర్ 50 గ్రాములకు పెంచి, పనీర్ 50 గ్రాములు, వేయించిన శనగలు 30 గ్రాములు కలపండి. బీ12 పరీక్ష చేయించుకోండి. గేదె పాలకు వంద మిల్లీలీటర్లకు వంద క్యాలరీలు, టోన్డ్ పాలకు 60 లోపు. పెరుగు దేనితో తోడుపెట్టారో చూడండి. కనిగిరి చుట్టుపక్కల కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి ఆ ప్రాంతం వాళ్ళు ప్రొటీన్ పెంచేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి, ఇది వదలొద్దు.

వారానికి మూడు రోజులు బరువు పని. కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం, గోడ మీద పుషప్‌లు, ఐదు లీటర్ల నీళ్ళ డబ్బా వంగి ఎత్తడం. ఒక్కొక్కటి పది, పన్నెండుసార్లు, మూడు విడతలు. ప్రతి విడతలో చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. తేలికైతే బరువు పెంచండి. నడక మంచిదే కానీ నడక ఒక్కటే కండను కాపాడదు.

ఎండాకాలం జాగ్రత్త. తిండి తక్కువైనప్పుడు కిడ్నీలు ఉప్పును ఎక్కువ వదిలేస్తాయి. దానికి రోహిణి కార్తె చెమట తోడైతే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. నడక పొద్దున ఏడు లోపు ముగించండి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ రోజుకు రెండుసార్లు తాగండి. బీపీకి నీళ్ళు పోయించే మాత్ర వాడేవాళ్ళు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఉప్పు సంగతి, మాత్ర మోతాదు డాక్టరుతోనే తేల్చుకోవాలి.

800 చుట్టుపక్కల క్యాలరీల డైట్ ఎవరికి

ఆ పద్ధతి వైద్యంలో ఉంది, పనిచేస్తుంది కూడా. బ్రిటన్‌లో 2017లో వెలువడిన 'డైరెక్ట్' అనే పేరున్న పరిశోధనలో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళకు 3 నుంచి 5 నెలలు 825–853 క్యాలరీల డైట్ ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందిలో మందులు లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. కానీ వాళ్ళు తీసుకున్నది ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు సరిగ్గా కలిపిన ప్యాకెట్ ఆహారం. షుగర్, బీపీ మాత్రలు మొదటి రోజే డాక్టర్లు ఆపారు. మామూలు తిండిని వారాల తరబడి మెల్లగా తిరిగి ఇచ్చారు. 1970ల చివర్లో అమెరికాలో నాసిరకం ద్రవ ప్రొటీన్ డైట్‌లు చేసినవాళ్ళలో పదుల సంఖ్యలో గుండె లయ తప్పి చనిపోయారు.

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడుతూ సొంతంగా తిండి కోస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రల మీద ఉంటే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ముప్పు ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ళ లోపు పిల్లలు, పిత్తాశయంలో రాళ్ళు, గౌట్, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్ళు దీని జోలికి పోకూడదు. డైట్‌లో ఉండగా గుండె దడ, స్పృహ తప్పడం, కుడివైపు పక్కటెముకల కింద గట్టి నొప్పి వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాటా చూసుకునే తీరు

రోజూ పొద్దున, కాలకృత్యాలయ్యాక, ఏమీ తాగకముందు బరువు చూసి రాసుకోండి. ఒక రోజు అంకెతో పని లేదు, వారం సగటు మాత్రమే చూడండి. నెలసరి ఉన్నవాళ్ళు ఈ నెల రెండో వారాన్ని పోయిన నెల రెండో వారంతో పోల్చుకోవాలి. వారానికోసారి నడుం చుట్టుకొలత టేపుతో తీయండి, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో. కాటా కదలకపోయినా టేపు తగ్గుతుంటే ఏమీ మార్చొద్దు. మూడు వారాలు రెండూ కదలకపోతే ముందు ఒక వారం నూనె, టీ, చట్నీ, రుచి చూసే ముద్దలతో సహా తూచి రాయండి. చాలామందికి అక్కడే దొరుకుతుంది. నిజంగానే తిండి సరిగ్గా ఉంటే రోజుకు 100 తగ్గించండి, లేదా రెండు వేల అడుగులు పెంచండి. రెండూ ఒకేసారి చేయకండి, ఏది పనిచేసిందో తెలియదు.

62 కిలోలకు వచ్చాక ఆమె పాత 1,750కి వెళితే మళ్ళీ పెరుగుతుంది. కొత్త లెక్క ప్రకారం ఖర్చు 1,600 దగ్గర. ఒంటి పొదుపు కొంత మిగిలి ఉంటుంది కాబట్టి 1,500, 1,550 అనుకోవాలి. 1,300 నుంచి వారానికి 100 చొప్పున పెంచుకుంటూ పోయి, వారం సగటు దిగడం మానిన అంకె దగ్గర ఆగాలి.